చలికాలంలో గరిక లాన్ ఎందుకు ఎండుతుంది? మన నల్లరేగడిలో మందుల్లేకుండా పెంచే పద్ధతి



పై వీడియోలో మీరు చూస్తున్నది మా ఇంటి ముందు ఒక సెంటు పచ్చిక. "ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి లాన్ ఎందుకండీ?" అని చాలామంది నవ్వుతారు. సరదాకి కాదండి. సంక్రాంతి దాటాక నందివాడ వైపు నల్లమట్టి నెర్రెలు తీస్తుంది, ఇంటి ముందంతా దుమ్ము. గరిక పట్టిన చోట దుమ్ము లేవదు, వానకి మట్టి కొట్టుకుపోదు, కోసిన గడ్డి ఆవుకి మేత. 365 రోజులూ నేల పచ్చగా ఉండాలని చేలో చెప్పుకుంటాం కదా, అదే మాట వాకిట్లో కూడా వర్తిస్తుంది.

డల్లాస్‌లో ఉన్న మా బంధువుల అబ్బాయి ఒక జనవరిలో ఫోటో పంపాడు. ఇంటి ముందు లాన్ అంతా గడ్డివాము రంగులో ఉంది. "చచ్చిపోయింది బాబాయ్, పీకేసి కొత్తది వేయమంటావా?" అన్నాడు. వద్దురా, కాడ గోకి చూడు అన్నాను. లోపల తెల్లగా, గట్టిగా ఉంది. ఏప్రిల్‌కి మళ్లీ పచ్చబడింది. అక్కడ వాళ్లు బెర్ముడా అనేది మన గరికేనండి. వినాయక చవితికి కోసుకొచ్చే గరికే.

గరిక ఎండ పంట. నేల బాగా చల్లబడితే పెరుగుదల ఆపేస్తుంది, మంచు కాస్తే ఆకు ఎండిపోయి, ప్రాణం భూమిలోపలి దుంప తీగల్లో దాచుకుంటుంది. ఆదిలాబాద్, లంబసింగి లాంటి చోట్ల రాత్రి చలి 10 డిగ్రీల కిందకి పోతుంది కాబట్టి అక్కడా ఇలాగే పసుపెక్కుతుంది. అది నిద్ర, జబ్బు కాదు. ఆ టైములో యూరియా చల్లితే గరిక తినదు, కలుపు తింటుంది.

మన డెల్టాలో సంగతి వేరు. బందరు, గుడివాడ వైపు చలి అంత ఉండదు. ఇక్కడ డిసెంబరు తర్వాత గరిక ఎండితే కారణం చలి కన్నా నీళ్లు లేకపోవడమే. తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది, ఆకు తడిగా కనిపిస్తుంది. వేలు గుచ్చి చూస్తే వేరు దగ్గర పొడి. మనం మోసపోయేది ఇక్కడే.

ఇప్పుడు నాటే పద్ధతి. చలికాలంలో నాటొద్దు, జూన్-జూలైలో వానలు పడ్డాకే. డబ్బు పెట్టి గడ్డి చాపలు కొననక్కరలేదు. నేను మొదట ఒక నర్సరీలో చాపలు కొన్నాను, గడ్డితో పాటు తుంగ వచ్చింది. రెండేళ్లు గడ్డలు తవ్వుతూనే ఉన్నా. కాడని వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగిలితే అది తుంగ. కొనేముందు మట్టి విదిల్చి చూసుకోవాలి. లేదా నాలాగ గట్టు మీద గరికే తెచ్చుకోండి, ఉప్పు పొరలు పట్టే చోట కూడా కాస్త తట్టుకుంటుంది.

మట్టి జానెడు లోతు తవ్వి గుల్ల చేయాలి. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి ఒక పక్కకి కొంచెం వాలు ఉంచండి. పైన బెత్తెడు ఇసుక పోసి వదిలేయడం పొరపాటు, కింద రేగడి గిన్నెలా నీళ్లు పట్టేస్తుంది. సెంటుకి ఓ పది కిలోల ఘన జీవామృతం కలిపి, రెండు మూడు కణుపులున్న గరిక ముక్కల్ని బెత్తెడు దూరంలో, ఒక కణుపు మట్టిలోకి పోయేలా నాటండి. రెండు నెలల్లో అల్లుకుంటుంది.

ద్రవ జీవామృతం ఎకరానికి 200 లీటర్లు అనుకుంటే సెంటుకి రెండు లీటర్లే. దాన్ని ఇరవై లీటర్ల నీళ్లలో కలిపి తడి నేల మీద పోయండి, పొడి నేల మీద వద్దు. వానాకాలంలో నెలకోసారి చాలు. చలికాలంలో జీవామృతం పులియడానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, తొందరపడొద్దు.

నీళ్ల లెక్క ముఖ్యం. ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. అంగుళం తడి ఇవ్వాలంటే దాదాపు వెయ్యి లీటర్లు కావాలి. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. అంటే ఒక్క తడికి పద్దెనిమిది మందికి సరిపడే నీళ్లు! కాలువలు కట్టేశాక ఊరి చెరువులో నిలవ చేసిన నీళ్లే తాగే మన ప్రాంతంలో, సెంటుకి మించి లాన్ వేయడం నాకు నచ్చదు. కాబట్టి కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు వాడండి. చేపల చెరువు నీళ్లు పోసేముందు జాగ్రత్త, ఆరాక మట్టి మీద తెల్లపొర కడితే ఆపేయాలి. చలికాలంలో పన్నెండు, పదిహేను రోజులకి ఒక తడి చాలు. సగం పోసి, గంట ఆగి మిగతాది పోస్తే పారిపోకుండా ఇంకుతుంది. పొద్దున్నే పోయండి, సాయంత్రం పోస్తే ఆకు రాత్రంతా తడిగా ఉండి బూజు తెగులు పడుతుంది.

కోత విషయంలో ఒక్కటే. ఆకు పొడవులో మూడోవంతు కన్నా ఎక్కువ ఒక్కసారి కోయొద్దు. చలికాలంలో రెండంగుళాలు ఉంచేయండి. నున్నగా గొరిగితే నేల బయటపడి కలుపు మొలుస్తుంది.

ఇక అసలు విషయం. లాన్‌లో వెడల్పాకు కలుపు కనిపించగానే 2,4-డి కొట్టమని చెప్పేవాళ్లున్నారు. గరిక చావదు, నిజమే. కానీ మన దగ్గర అదే టైములో, వరి కోతకి ముందు చల్లిన మినుము పక్క చేలో మొలుస్తూ ఉంటుంది. గాలికి ఆ మందు తగిలితే మినుము ఆకు ముడుచుకుని మెలి తిరుగుతుంది. టమాటా, పత్తి కూడా అంతే. ఒకసారి నేను పట్నం నుంచి ఉచితంగా వచ్చిందని లాన్ గడ్డి తెచ్చి టమాటాకి ఆచ్ఛాదన వేశాను. వారంలో చిగుళ్లు వంకర్లు పోయాయి. ఆ గడ్డికి మందు కొట్టారని తర్వాత తెలిసింది. పన్నెండు మొక్కలు పీకేశాను, ఆవుకి వేయనందుకు సంతోషించాను. అప్పట్నుంచి ఎవరి లాన్ గడ్డైనా ఏం కొట్టారో అడగకుండా తీసుకోను. నా లాన్‌లో కలుపు చేత్తోనే తీస్తాం, తడి పెట్టిన మర్నాడు, వేరుతో సహా.

గరిక చేలోకి పాకకుండా మధ్యలో అడుగు వెడల్పు చిన్న కాలువ తీసి ఉంచండి. నెలకోసారి దాటొచ్చిన తీగల్ని కోసేయాలి. వాకిట్లో అందం, చేలో శత్రువు, ఆ తేడా మర్చిపోకూడదు. గట్టు మీద మాత్రం వదిలేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా మండలంలో చేలూ ఊళ్లూ ముంచినప్పుడు, మా పొలంలో గరిక ఉన్న గట్టు నిలిచింది, మందు కొట్టి బోడి చేసిన గట్టు జారింది. నీళ్లు తీశాక పది రోజులకి ఆ బురదలోంచి మళ్లీ గరికే మొలిచింది. ఆ గట్టు మీద తీగలే ఇప్పుడు ఈ లాన్‌లో ఉన్నవి. నాటడం ఎలాగో వీడియోలో మొదటి నుంచీ చూపించాను, చూడండి.