మేస్త్రీ సంచిలోని మూడు పనిముట్లు

"ఎంత ఇస్తారట?"

ముంబైలోని కామాఠిపురాలో పునరభివృద్ధి మాటెత్తితే ముందు వినిపించే ప్రశ్న ఇదే. ఉంటున్న ఖోలీ (గది) వదిలేసి ఊరెళ్లాలా? కొత్త ఫ్లాట్ కోసం ఆగాలా? ఇప్పుడే కల్యాణ్ వైపు సర్దుకోవాలా? తాతకు ఊరి మీద, కోడలికి నీళ్ల మీద, మనవడికి కాలేజీ మీద ధ్యాస. ఇన్ని చిక్కులనూ "ఎంత" అన్న ఒక్క మాట కప్పేస్తుంది.

ఈ పేటకు పేరిచ్చింది నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో చెమటోడ్చిన తెలుగు కామాఠీలు. గోడ కట్టే మేస్త్రీ సంచిలో మూలమట్టం, రసమట్టం, దారానికి వేలాడే గుండు ఉంటాయి. ఒక్కోటి ఒక్క తప్పునే పట్టిస్తుంది. రసమట్టం పెట్టి వరస సరిచూశాం కదా అని గుండు వదలకపోతే గోడ ఒరిగిపోవచ్చు. పెద్ద నిర్ణయమూ అంతే.

మొదట మూలమట్టం. పునాదిలో మూల తప్పితే పై అంతస్తులో దిద్దలేం. అందుకే ముందు అడగాల్సింది: ఇది వెనక్కి తీసుకోగల నిర్ణయమేనా? కల్యాణ్‌లో ఆరు నెలలు అద్దెకుండి నచ్చకపోతే తిరిగి రావచ్చు. పగ్డీ (ముందుగా పెద్ద మొత్తం కట్టి తక్కువ అద్దెకు ఉండే) ఖోలీ హక్కు రాసిచ్చేస్తే అది మళ్లీ చేతికి రాదు. మొదటిదానికి రెండు రోజుల ఆలోచన చాలు, రెండోదానికి రెండు నెలలైనా తక్కువే.

తర్వాత రసమట్టం. అటూ ఇటూ సమంగా ఉందో లేదో చూపేది ఇదే. 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీకి ఒక పద్ధతి రాశాడు. కాగితం మధ్యలో గీత గీసి, మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా అటు అనుకూలాలు, ఇటు ప్రతికూలాలు రాయాలి. సమాన బరువున్నవి కొట్టేస్తూ పోతే మిగిలినదే మొగ్గు. అయితే అది ఒక్క మనిషి కాగితం. ఒకే ఖోలీలో ఐదుగురున్నప్పుడు ఐదు కాగితాలు కావాలి. కొడుకు లాభమని రాసింది, ఇరుగుపొరుగే ఆసరాగా బతికే నాయనమ్మ కాగితంలో నష్టం కావచ్చు.

చివరగా గుండు. గోడ ఎటు ఒరుగుతోందో చూపేది ఇదే. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన ఉపాయమిది: నిర్ణయం బెడిసికొట్టిందని ముందే అనుకుని, ఎందుకలా జరిగిందో చెప్పుకోండి. "బిల్డరు ఇస్తానన్న అద్దె సొమ్ము మధ్యలో ఆగింది." "తాత్కాలికమన్న ట్రాన్సిట్ క్యాంపులోనే ఏళ్లు గడిచాయి." "రసీదు ఇంకా తాత పేరునే ఉంది, అన్నదమ్ములు తగువుకొచ్చారు." భయం అలా మాటల్లోకి వస్తే రేపు చేయాల్సిన పని దొరుకుతుంది. రసీదులు వెతకాలి, ఒప్పందంలో ఎవరి పేరుందో చూడాలి.

మూడూ చూసినా దెబ్బ తగలదన్న హామీ లేదు. 1982 జనవరి 18న రెండున్నర లక్షల మంది బొంబాయి బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు దాని ముగింపు ఎవరికీ తెలియదు. వాళ్లలో తెలుగు పద్మశాలీలూ ఉన్నారు. తర్వాత భివండీ మగ్గాల దారి పట్టినవారినీ, ఊరు చేరినవారినీ ఫలితం చూసి తెలివైనవారనో తెలివితక్కువవారనో అనడం అన్యాయం. ఆనాటికి తెలిసినదాంతో ఎంత జాగ్రత్తగా చూశారన్నదే కొలత.

"ఎంత ఇస్తారట?" అని అడగొద్దని కాదు. నాలుగో ప్రశ్నగా అడగండి.