నల్లరాయి పడినంత మాత్రాన అగ్నిపర్వతమా?

చంద్రగిరి ప్రాంతమున బావులు త్రవ్వునప్పుడు గ్రానైటు రాతిని నిలువుగా చీల్చుకొని పోవు నల్లరాతి పట్టీ ఒక్కొక్కచోట తగులుచుండును. అట్టి రాతిముక్క నొకదానిని ఒక రైతు తెచ్చి చూపి, "సార్, ఇది కాలిన రాయి మాదిరి ఉండాది. మా కొండ కింద అగ్గి ఉండాదా? బావి ఇంకా లోతుకు తవ్వచ్చునా, వద్దా?" అని అడిగినారు. ఈ రెండు ప్రశ్నలకును జవాబు తెలిసికొనుట రైతులందరికిని అవసరము.

భూమి లోతులలో కరగిన శిల పగుళ్ల గుండా పైకి వచ్చి, లావాగా, బూడిదగా, ఆవిరిగా వెలువడు చోటు అగ్నిపర్వతము. ఇవి మూడు విధములు.

1. సజీవమైనవి: ఇప్పుడు మండుచున్నవి, లేక ఇటీవలి కాలమున మండి మరల మండగలవు. పొగ, వాయువులు వెలువడుట, తరచుగా చిన్న భూకంపములు వచ్చుట, నేల ఉబ్బుట వీని గుర్తులు.

2. నిద్రాణమైనవి: చాలకాలముగా ఊరకున్నను క్రింద వేడి చల్లారనివి. ఫిలిప్పీన్సులోని పినటూబో సుమారు 500 సంవత్సరములు నిద్రించి 1991లో బ్రద్దలైనది. కావున ఊరకున్నదని నమ్మరాదు.

3. మృతమైనవి: క్రింద కరగిన శిల అందుట పూర్తిగా నిలిచిపోయినవి.

పర్వతము ఆకారమును మాత్రమే చూచి నిర్ణయింపరాదు. వెనుకటి ప్రేలుడుల కాలమును రాళ్లను బట్టి లెక్కించి, నేల కదలికలను యంత్రములతో కనిపెట్టి శాస్త్రజ్ఞులు నిర్ణయింతురు. వేడినీటి ఊట ఒక్కటే కూడ చాలిన గుర్తు కాదు. తెలంగాణలో మణుగూరు వద్ద నేలలోనుండి వేడినీరు వచ్చుచున్నను అచట అగ్నిపర్వతము లేదు.

మన దేశమున సజీవమైనది అండమాను సముద్రములోని బారెన్ దీవి. ఇది పోర్టుబ్లెయిరుకు ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్నది. దాదాపు ఒకటిన్నర శతాబ్దము ఊరకుండి 1991లో మరల మండినది. ఆ తరువాత కూడ పలుమార్లు మండినది.

ఇక మన కొండల మాట. చంద్రగిరి కోట ఉన్న కొండ గ్రానైటు. అది భూమి లోతున మెల్లగా చల్లారి గట్టిపడి, పైపొరలు అరిగిపోగా బయటపడినది. తిరుమల కొండలపై కనిపించు రాయి పూర్వము నీటి అడుగున పేరుకొనిన ఇసుక గట్టిపడినది. రెండును అగ్నిపర్వతములు కావు.

బావిలో పడిన నల్లరాయి డోలరైటు. కరగిన శిల గ్రానైటు పగుళ్లలో దూరి, పైకి రాకయే గడ్డకట్టినది. మన సీమలో ఇట్టివి అనేకము 200 కోట్ల సంవత్సరములకు పైబడినవి. వానిలో ఇప్పుడు అగ్గి లేదు. ఆదిలాబాదు నల్లరాయి వేరు. అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నేలపై పారిన లావా. అట్టి రాతిలో వాయువు బుడగల గుంటలు తరచుగా కనిపించును.

రెండవ ప్రశ్నకు జవాబు రైతు ఖర్చుకు సంబంధించినది. డోలరైటు పట్టీ నేల అడుగున గోడవలె నిలిచి నీటి పారుదలను అడ్డగించును. పొలములో గుండ్రని నల్లరాళ్లు బారుగా వరుస తీరియున్న, క్రింద అట్టి గోడ యున్నదని అనుమానింపవచ్చును. అది వాలుకు అడ్డముగా నున్నచో, ఎగువ ప్రక్క నీరు నిలుచుటకు అవకాశ మెక్కువ. దిగువ ప్రక్క తక్కువ. పగుళ్లు లేని నల్లరాతిలోనే ఇంకను లోతునకు పోవుట డబ్బు వృథా. రాయి బాగుగా పగిలియున్నచో మాత్రము నీరు దొరకవచ్చును.

కనుక నల్లరాతిని చూచి భయపడ వలదు. అప్పు చేసి తొందరపడియు త్రవ్వవలదు. ముందుగా ఆ పట్టీ ఏ దిక్కుగా పోవుచున్నదో పొలమంతయు తిరిగి గుర్తించి, భూగర్భ జల శాఖవారికి స్థలము చూపించి, పిమ్మట బావికి చోటు నిర్ణయించుకొనవలెను.