చెప్పుకోబోయే ముందు అడగాల్సినవి

ఎప్పుడో తగిలిన పెద్ద దెబ్బ గురించి కౌన్సెలింగ్‌కి వెళ్దామా అనుకుని ఆగిపోయేవాళ్లని చాలాసార్లు ఆపేది ఫీజు కాదు, ఒక భయం. ఎదురుగా కూచోబెట్టి "ఏం జరిగిందో చెప్పండి" అంటారని, మొదటి రోజే మొత్తం విప్పాల్సి వస్తుందని. చిన్నప్పుడు బంధువే చేసిన పని కావచ్చు, కళ్లెదుట జరిగిన యాక్సిడెంటు కావచ్చు, పెళ్లయ్యాక ఏళ్ల తరబడి పడ్డ దెబ్బలు కావచ్చు. మొదటి రోజు అవేవీ చెప్పక్కర్లేదు. "ఇలాంటిది జరిగింది, వివరాలు ఇప్పుడే వద్దు" అంటే చాలు. ఇలాంటి దెబ్బల మీద, అంటే ట్రామా మీద, నిజంగా శిక్షణ పొందినవాళ్లు అంతకుమించి తవ్వరు. ముందు మీ నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇంట్లో మీకు అండగా ఎవరున్నారు, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతారు.

అమెరికన్ సైకియాట్రిస్టు జూడిత్ హెర్మన్ 1992లో రాసిన 'ట్రామా అండ్ రికవరీ' పుస్తకంలో కోలుకోవడాన్ని మూడు దశలుగా చూపించారు. మొదట భద్రత. ఆ తరవాతే జరిగినదాన్ని తలుచుకోవడం, దానికోసం ఏడవడం. ఆపైన మళ్లీ మనుషుల్లో కలవడం. అన్నిటికన్నా ముందు, బాధపడిన మనిషికి తన జీవితం మీద పట్టు తిరిగి రావాలన్నది ఆమె గట్టిగా చెప్పిన మాట. ఆ దెబ్బ తగిలిన రోజు మనల్ని ఎవరూ ఏదీ అడగలేదు. అందుకే కౌన్సెలర్‌ని ఎంచుకోవడం, ప్రశ్నలు వేయడం, "ఈరోజు ఇక్కడితో ఆపుదాం" అనడం చికిత్సకు ముందు జరిగే లాంఛనాలు కావని నా నమ్మకం. చికిత్స అక్కడే మొదలవుతుంది.

కానీ మనం అడగం. సంబంధం చూడాలంటే అటు మూడు తరాలూ ఇటు మూడు తరాలూ ఆరా తీసే మనవాళ్లు, మనసులోని గుట్టంతా విప్పబోయే మనిషి విషయంలో మాత్రం ఫోన్లో కనిపించిన నక్షత్రాల లెక్క చూసి అపాయింట్‌మెంట్ తీసేసుకుంటారు.

మన దగ్గర బోర్డు మీద ఏం రాసుందో కాస్త జాగ్రత్తగా చూడాలి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తరవాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. వాళ్లకి భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, నమోదు ఉండాలి. నమోదు నంబరు అడగండి, ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. 'కౌన్సెలర్' అన్న మాట దగ్గరే చిక్కు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వీళ్లనీ తన పరిధిలోకి తెచ్చింది. అయినా రెండేళ్ల ఎమ్మెస్సీ చేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసినవాళ్లూ, నాలుగు వారాల సర్టిఫికెట్ గోడకి తగిలించినవాళ్లూ అదే పేరుతో కనిపిస్తారు. డిగ్రీ ఒక్కటే సరిపోదు కూడా. "ట్రామా కేసుల్లో మీరు ఏ పద్ధతి వాడతారు? అందులో ఎక్కడ శిక్షణ తీసుకున్నారు? ఇప్పుడు మీ పనిని ఎవరు పర్యవేక్షిస్తున్నారు?" అని మొదటి ఫోన్లోనే అడగొచ్చు. అడిగినందుకు చిరాకు పడ్డారంటే మీకు ఒక ఫీజు మిగిలినట్టే.

పద్ధతి పేరు చెబితే అది ఎలా ఉంటుందో మీకు ముందే కొంత తెలిసి ఉండాలి. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సెషన్లు. "నా వల్లే జరిగింది", "ఇక ఎవర్నీ నమ్మకూడదు" లాంటి బిగుసుకుపోయిన ఆలోచనలని కాగితం మీద పెట్టి పరీక్షిస్తారు, ఇంటిదగ్గర రాయాల్సిన పని కూడా ఉంటుంది. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో జరిగినదాన్ని కళ్లు మూసుకుని పదే పదే చెప్పిస్తారు, భయంతో మానేసిన మామూలు చోట్లకి మెల్లగా మళ్లీ వెళ్లమంటారు. కష్టమైనదే, పనిచేస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారాలున్నాయి. ఫ్రాన్సిన్ షపిరో 1980ల చివర్లో మొదలుపెట్టిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని, థెరపిస్టు వేళ్ల కదలికని కళ్లతో వెంబడిస్తారు. పూసగుచ్చినట్టు నోటితో చెప్పే అవసరం ఇందులో తక్కువ. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో దీన్ని కూడా సిఫారసు చేసింది.

"మూడు సెషన్లలో పూర్తిగా మాయం చేస్తాం" అనేవాళ్ల దగ్గర్నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి. "ముందు వాళ్లని క్షమించేయండి" అని ఒత్తిడి చేసేవాళ్లూ అంతే. క్షమించడం, క్షమించకపోవడం మీ ఇష్టం, అది చికిత్సకు షరతు కాదు. హిప్నాసిస్ చేసి మరిచిపోయిన జ్ఞాపకాలు పైకి లాగుతామనీ, పూర్వజన్మ దాకా తీసుకెళ్తామనీ చెప్పేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని లేని సంగతి చెబితే, దాదాపు నాలుగో వంతు మంది అది జరిగినట్టు ఎంతోకొంత గుర్తుచేసుకున్నారని సైకాలజిస్టు ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగం తేల్చింది. జ్ఞాపకాన్ని బయట నుంచి అంటించడం అంత తేలిక.

గుట్టు సంగతి. మనకి అసలు బెంగ ఇదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స పొందే మనిషికి గోప్యత హక్కు ఇచ్చింది. దానికి మినహాయింపులున్నాయి: ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఇంకొకరికి హాని జరిగేట్టున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం కౌన్సెలర్ పోలీసులకి తెలియజేసి తీరాలి. మీ చిన్ననాటి సంగతి ఇప్పుడు చెప్పబోతున్నా, అలాంటివి విన్నప్పుడు తామేం చేస్తారో ముందే చెప్పమనండి. కాగితం మీద లేని గోప్యత ఇంకోటుంది. "మీ అమ్మగారు ఫోన్ చేశారు, బాగానే ఉన్నారని చెప్పాను" అనే కౌన్సెలర్ మంచిమనిషే కావచ్చు, మీకు మాత్రం పనికిరారు. ఎవరు ఫోన్ చేసినా మీ అనుమతి లేకుండా మీరు అక్కడికి వస్తున్నట్టు కూడా చెప్పకూడదని మొదటి రోజే ఖాయం చేసుకోండి. చిన్న ఊళ్లో అయితే వెయిటింగ్ హాల్లో పిన్నిగారి తోడికోడలు ఎదురవడం ఖాయం. ఆన్‌లైన్ మేలనిపిస్తుంది, కానీ డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో గోడలకి చెవులుంటాయి. ఆపి ఉంచిన కారులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడేవాళ్లు ఎందరో.

భాష గురించి ఎవరూ చెప్పరు గనక నేను చెబుతాను. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో సెషన్ చాలావరకు ఇంగ్లీషులో నడుస్తుంది. ఇంగ్లీషులో చెబితే తేలిగ్గానే ఉంటుంది, ఎవరి కథో చెబుతున్నట్టు. నాన్న తిట్టిన తిట్టు, మావయ్య చెవిలో అన్న మాట తెలుగులో ఉన్నాయి కదా. వాటిని ఉన్నవి ఉన్నట్టు అనగలిగే చోటు ఉంటుందా, కనీసం ఆ ముక్క తెలుగులో అనేసి తరవాత అర్థం చెప్పే వీలుంటుందా అని అడగండి.

అసలు పని మొదలయ్యాక కొన్ని వారాలు పరిస్థితి ముదిరినట్టు అనిపించవచ్చు. పీడకలలు పెరగొచ్చు, ఊరికే కోపం రావచ్చు. అది దారి తప్పడం కాదు, కానీ ఆ సంగతి ముందే తెలియకపోతే సగంమంది అక్కడే మానేస్తారేమో అనిపిస్తుంది. ఇంట్లో పెళ్లి పెట్టుకున్న నెలలోనో, ఆఫీసులో ఊపిరి సలపని వారాల్లోనో మొదలుపెట్టకండి. సెషన్ అయ్యాక గంటసేపు ఏ పనీ పెట్టుకోకండి. భరించలేనంత పైకి వస్తే ఆపమని చెప్పడానికి, చెయ్యి ఎత్తడమో ఇంకేదో, ఒక సైగ ముందే అనుకోండి.

కొట్టే మనిషితో ఇంకా ఒకే కప్పు కింద ఉంటే మాత్రం జ్ఞాపకాల పని తరవాత. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్, లేదా హింసకు గురైన మహిళలకి అండగా ఉండే సఖి కేంద్రం. చచ్చిపోవాలనిపిస్తున్నప్పుడూ, తాగుడు చేయి దాటినప్పుడూ ముందు సైకియాట్రిస్టుని కలవాలి. ప్రైవేటు ఫీజు అందనివాళ్లకి హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. 14416కి చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రయినా సరే. ఆరోగ్య బీమా చాలావరకు ఆసుపత్రిలో చేరినప్పటికే గనక, నెలకి నాలుగు సెషన్ల ఖర్చు, రాలేకపోయిన రోజు ఫీజు వసూలు చేస్తారా లేదా అన్నది లెక్క వేసుకునే దిగండి.

మూడు నాలుగు సార్లు వెళ్లాక కూడా ఆ మనిషి ముందు కుదురుగా కూచోలేకపోతున్నారా? ఫోన్ ఎత్తడం మానేసి మాయమైపోకండి. "మీతో నాకు కుదరట్లేదు, మానేద్దామనుకుంటున్నాను" అని ఎదురుగానే చెప్పి చూడండి. ఏం కుదరలేదో అడిగి, మార్చగలిగింది మార్చి, అయినా వద్దంటే ఇంకో ఇద్దరి పేర్లు రాసిచ్చేవాళ్లున్నారు. మీరు చికిత్సని తప్పించుకుంటున్నారని దబాయించేవాళ్లూ ఉన్నారు. ఆ రెండోవాళ్ల దగ్గర ఇంకో అపాయింట్‌మెంట్ తీసుకోకండి.