నీటి వెంట మూడు ప్రయాణాలు: పిల్లల విజ్ఞాన యాత్రకు ఒక ప్రణాళిక

విద్యా సహాయం లెక్కలు దాతల ముందు పెట్టినప్పుడు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాల గురించి ఎవరూ అడగరు. విజ్ఞాన యాత్ర అనే పద్దు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక ప్రశ్న వస్తుంది: "పిల్లల పిక్నిక్‌కు మా సొమ్మా?" ఇది న్యాయమైన ప్రశ్న. ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది, తీసుకున్నవారికి జవాబు చెప్పే బాధ్యత ఉంది. ఆ జవాబునే ఈ వ్యాసంలో ఒక ప్రణాళిక రూపంలో దాతల ముందు ఉంచుతున్నాము.

బస్సు ఎక్కి, తిని, ఫొటోలు దిగి వస్తే అది పిక్నిక్. పిల్లవాడు ఒక ప్రశ్నతో బయలుదేరి, దానికి జవాబు కళ్ళారా చూసి, తిరిగి వచ్చాక పదిమందికి చెప్పగలిగితే అది పాఠం. కాబట్టి యాత్రకు మూడు భాగాలు ఉండాలి: ముందు వారం తరగతిలో సన్నాహం, ఆ రోజు పరిశీలన, తర్వాతి వారం పిల్లల నివేదిక. మొదటిదీ చివరిదీ లేకపోతే మధ్యలోని ఖర్చుకు ఫలితం ఉండదు.

దూరదేశాలు వెతకనక్కరలేదు. కోట్‌పల్లి, వికారాబాద్, తాండూరు పిల్లల చుట్టూనే ఒక గొప్ప పాఠం ఉంది. అది నీటి పాఠం. దాన్ని మూడు ప్రయాణాలుగా విభజించవచ్చు.

మొదటి ప్రయాణం: అనంతగిరి, కోట్‌పల్లి

ఇది ఒక్క రోజు పని. వికారాబాద్‌కు ఆనుకొని ఉన్న అనంతగిరి గుట్టల్లో మూసీ పుడుతుంది. ఆ నది తూర్పుకు పారి, హైదరాబాద్ నగరం మధ్యగా వెళ్ళి, సుమారు 240 కిలోమీటర్లు ప్రయాణించి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇవే గుట్టల పడమటి వైపు పడ్డ వాన మరో దారి పడుతుంది. వాగుల గుండా కాగ్నా నదికి చేరి, తాండూరు మీదుగా కర్ణాటకలో ప్రవేశించి, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని అయిన మల్ఖేడ్‌ను ఒరుసుకుంటూ పోయి భీమా నదిలో కలుస్తుంది. భీమా రాయచూరు ప్రాంతంలో కృష్ణలో చేరుతుంది. ఆ నీరు శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి వాడపల్లి చేరేసరికి మూసీ ఎదురవుతుంది. ఒకే గుట్ట మీద విడిపోయిన రెండు చినుకులు అక్కడ మళ్ళీ కలుస్తాయన్న మాట. పటం మీద రెండు రంగుల పెన్సిళ్ళతో ఈ దారులు గీయించడమే సన్నాహ వారంలో పిల్లల మొదటి పని.

కోట్‌పల్లి ప్రాజెక్టు ఈ పడమటి నీటిని ఆపిన చోటు. వికారాబాద్ నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1967లో వాగుకు అడ్డంగా కట్టారు. సుమారు 9 వేల ఎకరాల ఆయకట్టు కోసం దీన్ని రూపొందించారు. నేడు చాలామందికి ఇది పడవలు నడిపే చోటుగానే తెలుసు. మన పిల్లలు మాత్రం కట్ట మీద నిలబడి నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. తూము ఎక్కడుంది? నిండినప్పుడు ఎక్కువైన నీరు ఏ అలుగు గుండా పోతుంది? కాలువ ఎటు పోతుంది? కాలువ మొదట్లో ఉన్న పొలానికీ చివర ఉన్న పొలానికీ తేడా ఏమిటి? నాలుగో ప్రశ్నకు జవాబు కట్ట మీద దొరకదు. దారిలో ఒక రైతును మర్యాదగా పలకరించి అడగాలి. నీరు అందిన రైతు ఏం వేశాడు, వాన మీదే ఆధారపడిన రైతు కందిని ఎందుకు నమ్ముకున్నాడు అని తెలుసుకుంటే, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు వెనుక ఉన్న నేల, వాన, కష్టం పిల్లలకు అర్థమవుతాయి.

అనంతగిరి అడవి దారిలో నడక గంటన్నర మించకుండా చూడాలి. టేకు, మోదుగ, సీతాఫలం చెట్లను గుర్తుపట్టించాలి. చెట్లున్న నేల మీద వాన మెల్లగా ఇంకుతుందని, బోడి నేల మీద మట్టిని కోసుకుంటూ పరుగెత్తుతుందని అక్కడే చూపించవచ్చు. గుట్ట మీద అనంత పద్మనాభస్వామి ఆలయానికి భక్తులు వస్తూ ఉంటారు. అక్కడ కేకలు, పరుగులు లేకుండా గౌరవంగా మెలగడం కూడా పాఠంలో భాగమే.

రెండవ ప్రయాణం: బీదర్

పై తరగతుల పిల్లలకు ఇది తగినది. వికారాబాద్ నుంచి బీదర్ మీదుగా పర్లీ వెళ్ళే రైలు మార్గం ఉంది కనుక ఖర్చు తగ్గించుకోవచ్చు.

అక్కడ నౌబాద్ దగ్గర బహమనీల కాలపు కరేజ్ ఉంది. భూమి అడుగున తవ్విన నీటి సొరంగం ఇది. ఎత్తైన చోట బావి తవ్వి, ఊట దొరికిన తర్వాత, అక్కడి నుంచి కొద్దిపాటి వాలుతో సొరంగం తీసుకుపోతారు. గాలి, వెలుతురు కోసం, మట్టి పైకి తీయడం కోసం మధ్యమధ్య నిలువు బావులు ఉంటాయి. యంత్రం లేకుండా, ఎండకు ఆవిరి కాకుండా నీరు ఊరికి చేరుతుంది. ఇది ఇరాన్ నుంచి వచ్చిన విద్య. బీదర్‌లోని చిల్లుల ఎర్రరాయి వాన నీటిని పీల్చుకుని, కింది గట్టి రాయి మీద నిలుపుతుంది. ఆ సంగతి కనిపెట్టినవారే ఈ విద్యను ఇక్కడ అమలు చేయగలిగారు.

అదే ఊళ్ళో 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదర్సా ఉంది. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయినవాడు ఆయన. 1481లో నకిలీ ఉత్తరం మూలంగా అన్యాయంగా ప్రాణం పోగొట్టుకున్నాడు. పదవి పోయింది, రాజ్యమూ పోయింది. 17వ శతాబ్దం చివర జరిగిన పేలుడులో భవనంలో కొంత భాగం కూలింది. అయినా విద్య కోసం ఒక దాత పెట్టిన ఖర్చుకు గుర్తుగా ఆ గోడలు, వాటి మీద మిగిలిన రంగు పలకలు ఇంకా నిలిచి ఉన్నాయి. కోటను, బిద్రీ కళాకారుల పనిని కూడా చూపించాలి. బిద్రీ పాత్ర నల్లబడడానికి కోటలోని మట్టినే ఎందుకు వాడతారని పిల్లలే కళాకారుణ్ణి అడగాలి.

మూడవ ప్రయాణం: మూసీ వెంట హైదరాబాద్

అనంతగిరిలో మూసీ పుట్టుకను చూసిన పిల్లలు ఇప్పుడు అదే నదిని నగరంలో చూస్తారు. 1578 నాటి పురానాపూల్, 1908 సెప్టెంబర్ 28 వరదలో ఎందరో ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు చూడాలి. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన చెరువులు నగరానికి తాగునీరూ ఇచ్చాయి. పుట్టిన చోట తేటగా ఉన్న నీరు ఇక్కడ ఇలా ఎందుకైంది అన్న ప్రశ్నను పిల్లలకే వదలాలి. సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలంటే శుక్రవారం వెళ్ళరాదు, ఆ రోజు సెలవు. పురావస్తు సర్వే వారి కట్టడాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. వయసు రుజువుగా పాఠశాల గుర్తింపు కార్డులు వెంట ఉంచాలి.

ఏర్పాట్లు

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. చెరువులో నీరుంటుంది, ఎండ తక్కువ. రంజాన్ నెల, పరీక్షల రోజులు విడిచిపెట్టాలి. ఆదివారాల్లో కోట్‌పల్లికి జనం ఎక్కువగా వస్తారు కనుక పనిరోజు మేలు. ముందుగా ఇద్దరు వెళ్ళి దారి, మరుగుదొడ్లు, తాగునీరు, నమాజుకు చోటు, దగ్గరలోని ఆసుపత్రి చూసి రావాలి. అడవిలో నడవడానికి అటవీశాఖ వారిని అడిగి అనుమతి తీసుకోవాలి.

నీటి దగ్గర నియమాల్లో సడలింపు ఉండరాదు. ఒడ్డు బురదగా ఉంటుంది, లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఏ పిల్లవాడూ నీళ్ళలోకి దిగకూడదు. పడవ ఎక్కాలంటే తల్లిదండ్రుల సంతకం, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ రెండూ ఉండాలి. పదిమంది పిల్లలకు ఒక పెద్ద బాధ్యుడు, ఎక్కిన ప్రతిసారీ దిగిన ప్రతిసారీ తలల లెక్క. వుజూ కోసం నీళ్ళు పొదుపుగా వాడించాలి. పారే నది ఒడ్డున ఉన్నా నీరు వృథా చేయరాదన్న ప్రవక్త (స) బోధను చెప్పడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. తెచ్చిన చెత్త తిరిగి సంచుల్లోనే ఇంటికి రావాలి.

ఆడపిల్లల సంగతి

యాత్ర అనగానే మగపిల్లల పేర్లు ముందు వస్తాయి. ఆడపిల్లల తల్లిదండ్రులు వెనకాడేది చదువు మీద ఇష్టం లేక కాదు. వెంట ఎవరుంటారు, చీకటి పడకముందే తిరిగి వస్తారా, మరుగుదొడ్డి ఉందా అన్నవే వారి భయాలు. ఆ మూడింటికీ జవాబు డబ్బుతో దొరుకుతుంది. ఇద్దరు ఉపాధ్యాయినుల గౌరవ వేతనం, ఇంటి దగ్గర దింపే వాహనం, ఇష్టమైన తల్లులకు రెండు సీట్లు. ఈ ఖర్చును అదనం అనుకుంటే సగం మంది పిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు. అందుకే అంచనాలో ఇది మొదటి పద్దుగా రాయాలి.

దాతల సొమ్ము, దాతల పాత్ర

జకాత్‌కు హక్కుదారులు నిర్ణీతమై ఉన్నారు. కనుక యాత్రల ఖర్చు సాధారణ విరాళాల నుంచే జరగాలి, ఆ ఖాతా వేరుగా ఉండాలి. ఎవరి ఇంటి నుంచి డబ్బు వచ్చింది, ఎవరికి సంస్థ భరించింది అన్నది పిల్లలకు తెలియకూడదు. అందరికీ ఒకే బస్సు, ఒకే భోజనం. తిరిగి వచ్చిన 15 రోజుల్లో రసీదులతో లెక్క, దానితోపాటు పిల్లలు రాసిన నోటుపుస్తకాలు దాతల ముందుకు రావాలి.

దాతలను డబ్బుతో పాటు మరొకటి కూడా కోరుతున్నాము. మీలో ఇంజనీర్లు, రైతులు, డ్రైవర్లు, ఉపాధ్యాయులు ఉన్నారు. ఒక్క రోజు పిల్లలతో వచ్చి, మీకు తెలిసింది చెప్పండి. తర్వాతి వారం వారి నివేదికలు వినడానికీ రండి. తూముకూ అలుగుకూ తేడా ఒక పాప బోర్డు మీద బొమ్మ గీసి వివరిస్తుంటే విన్నాక, ఆ పద్దు మీద మీరు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందో లేదో మీరే నిర్ణయించండి. మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక.