హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం? టికెట్ మీద టైము ఎట్లా చూడాలి?

(గల్ఫ్‌కు పోయే కార్మికులు, వారి కుటుంబ సభ్యుల కోసం)

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గంలో సుమారు 2,550 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానమైతే దాదాపు నాలుగు గంటల ప్రయాణం. టికెట్ మీద మాత్రం పొద్దున 4.00కు ఎక్కి 6.30కు దిగినట్టు ఉంటుంది. రెండున్నర గంటల్లోనే పోతదా అంటే, పోదు. ఎక్కే టైము మన గడియారం ప్రకారం, దిగే టైము దుబాయ్ గడియారం ప్రకారం వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. అక్కడ 6.30 అయితే మన ఊళ్లో 8.00. మస్కట్‌కూ ఇదే తేడా. రియాద్, దోహా, కువైట్ అయితే రెండున్నర గంటలు.

తిరిగొచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. రాత్రి 10.00కు దుబాయ్‌లో ఎక్కి మూడున్నర గంటల్లో వచ్చినా, ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున 3.00. తేదీ కూడా మారుతుంది. పడమటి గాలి వెనుక నుంచి తోస్తుంది కాబట్టి వచ్చే ప్రయాణం కాస్త తక్కువ.

అసలు తికమక అర్ధరాత్రి విమానాలతోనే. టికెట్‌పై 13వ తేదీ 00:40 అని ఉంటే, అది 12వ తేదీ రాత్రి భోజనాలయ్యాక వచ్చే 12.40. మూడు గంటల ముందే, అంటే 12న రాత్రి 9.40కల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. మహబూబ్‌నగర్ నుంచైనా, నల్లగొండ నుంచైనా సాయంత్రం 6.30కే బయల్దేరడం మంచిది. 13న రాత్రి పోతే విమానం వెళ్లిపోయి రోజు గడిచినట్టే.

ఏజెంటు ఇచ్చిన టికెట్‌లో ప్రయాణం పన్నెండు గంటలని ఉంటే మధ్యలో విమానం మారాలన్నమాట. ఎక్కడ మారాలో, సామాను మళ్లీ మనమే తీసుకోవాలో ముందే అడగండి.

టికెట్ కంటే ముందు వీసా చూడండి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కింద ఉంటుంది. వారు పనికి దుబాయ్ పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయిస్తారు. రెండేళ్లకు ప్రీమియం రూ. 275. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి రూ. 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయి పని చేసుకుందామనుకునే వారికి ఇవేవీ ఉండవు.

విమానానికి నాలుగు గంటలు చాలు. అక్కడ ఎవరైనా చనిపోతే మాత్రం కాగితాలన్నీ పూర్తయి పార్థివదేహం ఇంటికి చేరేసరికి రోజులు గడుస్తాయి. శంషాబాద్ నుంచి సొంతూరి వరకు రాష్ట్ర ప్రభుత్వం ఉచిత అంబులెన్స్ ఇస్తుంది. 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రూ. 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. మరణించిన ఆరు నెలల్లోపు జిల్లా కలెక్టర్‌కు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువీకరణ పత్రం, రద్దయిన పాస్‌పోర్టు, వీసా, వారసుల బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. అందుకే పోయే ముందే పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రం జిరాక్సులు తీసి ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి. ఫోన్‌లో ఫొటో ఒక్కటే చాలదు, ఆ ఫోన్ మీతోనే పోతుంది.