దంపతులు ఒకరినొకరు ఎరుగుట

చదువవలసిన భాగములు: ఆదికాండము 2:18-25, ద్వితీయోపదేశకాండము 24:5, 1 కొరింథీయులకు 7:1-5



మన సంఘములలో పెండ్లి నిశ్చయమైన పిమ్మట మూడు ఆదివారములు ప్రకటనలు చదువుదుము. ఆ దినములలో పందిరికిని, విందుకును, బట్టలకును తీరిక దొరకును. అయితే ఆ యిద్దరు యౌవనస్థులు ప్రవేశింపబోవు దాంపత్యమును గూర్చి వారితో మాటలాడువారెవరు? తల్లి సిగ్గుపడును. తండ్రి మౌనముగా నుండును. కాపరి, ఇది గుడిలో చెప్పదగిన సంగతి కాదనుకొనును. తుదకు స్నేహితుల ఎగతాళి మాటలును, సెల్‌ఫోనులోని చెడు చిత్రములును వారికి బోధకులగుచున్నవి.

మేమెరిగిన ఒక గ్రామములో కొత్తకోడలు మూడు నెలలకే పుట్టింటికి వచ్చి, మరల వెళ్లనని యేడ్చెను. పెద్దలు కూర్చుండి కట్నము సంగతి విచారించిరి, అత్తగారి మాటల సంగతి విచారించిరి. ఏమియు తేలలేదు. అప్పుడు అమ్మగారు ఆమెను ఏకాంతముగా పిలిచి అడుగగా, “చీకటి పడితే నాకు భయమండి, అమ్మగారూ” అని చెప్పెను. అయ్యగారు భర్తతో మాటలాడిరి. అతడు దుర్మార్గుడు కాడు. భార్య మౌనమును సమ్మతి అనుకొనినవాడు. “ఆమెకు నొప్పి కలుగుచున్నదని నాకెవరు చెప్పారండి?” అని అతడు అడిగెను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారము మనమే.

లేఖనము ఈ విషయమున మౌనముగా లేదు. ఆదాము హవ్వను కూడెనని మన తెలుగు బైబిలులో ఉన్నచోట, హెబ్రీ మూలములో “ఎరుగుట” అను క్రియ యున్నది. కాబట్టి దాంపత్యమనగా శరీరములు కలియుట మాత్రమే కాదు, ఒకరినొకరు తెలిసికొనుట. ధర్మశాస్త్రము కొత్తగా పెండ్లి చేసికొనినవానిని ఒక సంవత్సరము యుద్ధమునకు పంపవద్దనెను. భార్యను సంతోషపెట్టుట ఆ యేడాది అతని పని. పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, భార్య దేహముపై భర్తకు అధికారమున్నదని చెప్పి ఊరకుండలేదు. భర్త దేహముపై భార్యకును అట్టి అధికారమే కలదనెను. పురుషుని మాటయే చెల్లిన ఆ కాలమున ఇది గొప్ప మాట. ఎడబాటు సయితము ఇద్దరి సమ్మతితోనే జరుగవలెనని ఆయన బోధ. ఎడబాటుకే ఇద్దరి సమ్మతి కావలసియుండగా, కూడికకు అక్కరలేదని ఎట్లు చెప్పగలము?

ఇక ప్రతి యింటను తెలియవలసిన కొన్ని సంగతులు చెప్పెదము.

1. మొదటి రాత్రి రక్తము కనబడకపోయినయెడల కన్యాత్వము లేదనుట అబద్ధము. అనేక స్త్రీలకు అట్లు కనబడదు. ఈ అనుమానముచేత నిర్దోషులు అవమానము పొందిరి.

2. వీర్యము పోయిన బలము పోవునను భయము నిరాధారము. 1960లో మన దేశపు వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ఈ భయముతో కూడిన బాధకు “ధాత్ సిండ్రోమ్” అని పేరు పెట్టిరి. గోడమీది ప్రకటనలు చూచి మందులకు డబ్బు పోయకుడి.

3. ఆడపిల్ల పుట్టుటకు తల్లి కారణము కాదు. బిడ్డ ఆడయో మగయో నిర్ణయించు అంశము తండ్రి బీజమునుండి వచ్చును. పిల్లలు కలుగనప్పుడు లోపము పురుషునియందును ఉండవచ్చును గనుక ఇద్దరును పరీక్ష చేయించుకొనవలెను.

4. కాన్పు తరువాత దేహము కోలుకొనుటకు సాధారణముగా ఆరు వారములు పట్టును. పాలిచ్చు తల్లికిని, ముట్టు నిలిచిన స్త్రీకిని పొడితనముచేత నొప్పి కలుగవచ్చును. అది భర్తపై అయిష్టము కాదు. చక్కెర వ్యాధి గల పురుషునికి బలహీనత రావచ్చును. అది భార్య తప్పు కాదు. రెండింటికిని వైద్యము కలదు.

5. 2006 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలికకును, 21 నిండని బాలునికిని పెండ్లి చేయరాదు.

ఈ సంగతులు తెలిసినంతమాత్రమున ప్రేమ పుట్టదు. అయితే తెలియనప్పుడు ప్రేమ యున్నను గాయపరచును. ఈ విషయములను దాచక మాటలాడుకొను దంపతులు తమ వివాహమునందు ఎక్కువ తృప్తి గలవారుగా ఉందురని పరిశోధనలును చూపుచున్నవి. భర్తలారా, “నీకు ఎట్లున్నది?” అని అడుగుడి. జవాబు వినుడి. “ఈ రాత్రి వద్దండి” అని ఆమె చెప్పినయెడల కోపగించకుడి. భార్యలారా, నొప్పిని దాచుట విధేయత కాదు. కొట్టి, బలవంతపెట్టి, అది వివాహ హక్కు అనువానికి లేఖనములో చోటు లేదు. అట్టి బాధలోనున్న సహోదరిని ఓర్చుకొనుమని చెప్పి తిరిగి పంపుట సంఘమునకు తగదు.

పైన చెప్పిన యా చిన్నది తిరిగి వెళ్లినది, అయితే ఒక్క దినములో కాదు. వైద్యురాలిని చూచిరి. భర్త కొన్ని వారములు ఓపికతో కనిపెట్టెను. పొలమునుండి వచ్చిన తరువాత ఇద్దరును దీపమారకముందు కొంతసేపు మాటలాడుకొనుట అలవాటు చేసికొనిరి. భయము మెల్లగా తొలగెను.

కావున సంఘపెద్దలారా, ఆ మూడు ఆదివారములలో ఒక సాయంకాలము వరునితో అయ్యగారును, వధువుతో అమ్మగారును మాటలాడునట్లు ఏర్పాటు చేయుడి.

ధ్యానించుటకు ప్రశ్నలు:

అ. నా భార్య లేక నా భర్త నాతో చెప్పుటకు భయపడు సంగతి ఏదైన ఉన్నదా?

ఆ. మన పిల్లలకు ఈ సంగతులు ఎవరు చెప్పుచున్నారు?

ఇ. కన్నీటితో పుట్టింటికి వచ్చిన కుమార్తెను మనము మొదట ఏమి అడుగుదుము?

మనలను ఎరిగియు ప్రేమించుచున్న దేవుడు, మన దంపతులును ఒకరినొకరు ఎరిగి ప్రేమించునట్లు కృప దయచేయును గాక. ఆమేన్.