చేతి సైగతో కంప్యూటర్

దూరాన ఉన్న మనిషిని చేయి ఊపి పిలుస్తాం. చేయి అడ్డం పెట్టి బస్సు ఆపుతాం. నోరు విప్పకుండానే పని జరిగిపోతుంది. మరి సైగ చేస్తే కంప్యూటర్ మన మాట వింటుందా? వింటుంది! ఎలాగో చూద్దాం.

కంప్యూటర్‌తో పని చేయించాలంటే మామూలుగా మీటలు నొక్కాలి. కానీ కొన్నిచోట్ల దాన్ని ముట్టుకోకూడదు. ఆపరేషన్ గది అలాంటిదే.

డాక్టరు చేతులు బాగా కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని ఆపరేషన్ మొదలుపెడతారు. మధ్యలో రోగి స్కానింగ్ బొమ్మలు చూడాల్సి వస్తుంది. అవి కంప్యూటర్‌లో ఉంటాయి. మీట ముట్టుకుంటే దాని మీది సూక్ష్మక్రిములు చేతికి అంటుకుంటాయి. చేతి నుంచి రోగి గాయంలోకి పోతాయి. అందుకని మళ్లీ చేతులు కడుక్కోవాలి. ఈలోగా రోగి బల్ల మీదే ఉంటాడు.

2010లో మైక్రోసాఫ్ట్ కంపెనీ కినెక్ట్ అనే పరికరం తెచ్చింది. అది ఆటల కోసం చేసింది. మనిషి కదలికలను కెమెరాతో కనిపెడుతుంది. కెనడా దేశంలో టొరంటో నగరం ఉంది. అక్కడి సన్నీబ్రూక్ ఆస్పత్రి డాక్టర్లు 2011లో దీన్ని ఆపరేషన్ గదిలో వాడారు. గాలిలో చేయి కదిపితే బొమ్మ మారింది. దేన్నీ ముట్టుకునే పని లేదు. ఆటవస్తువు రోగికి అక్కరకొచ్చింది! ఇప్పుడైతే మామూలు కెమెరా ఉన్నా చాలు.

చేతిని ఎలా గుర్తుపడుతుంది?

ముందుగా కంప్యూటర్‌కు వేలకొద్దీ చేతుల ఫొటోలు చూపించి నేర్పుతారు. మనం అక్షరాలు దిద్ది నేర్చుకున్నట్టే. 2019లో గూగుల్ కంపెనీ ఒక పద్ధతి తెచ్చింది. అందులో కంప్యూటర్ చేతి మీద 21 చుక్కలు గుర్తిస్తుంది. మణికట్టు దగ్గర 1. ఒక్కో వేలికి 4. అంటే కీళ్ల దగ్గర 3, కొసన 1. అయిదు వేళ్లకు 20. మొత్తం 21.

ఈ చుక్కలు ఎటు కదిలాయో చూసి సైగ తెలుసుకుంటుంది. బొటనవేలి కొస, చూపుడువేలి కొస కలిస్తే 'మీట నొక్కు' అని అర్థం పెట్టుకోవచ్చు. ఏ సైగకు ఏ పని అన్నది మనుషులే ముందుగా నిర్ణయించాలి.

చిక్కులూ ఉన్నాయి. వెలుతురు చాలకపోతే కంప్యూటర్ పొరపడుతుంది. చేయి ఎత్తి ఉంచితే భుజం లాగుతుంది. తల గోక్కున్నా సైగ అనుకోవచ్చు!

చెప్పండి
1. ఆపరేషన్ చేసే డాక్టరు మీటలు ఎందుకు ముట్టుకోకూడదు?
2. కినెక్ట్‌ను మొదట దేనికోసం తయారుచేశారు?

చేయండి
కాగితం మీద మీ చేయి పెట్టి చుట్టూ గీత గీయండి. 21 చుక్కలు పెట్టండి. లెక్క సరిపోయిందా?